మంచాన పడితే కూలి ఎవరిస్తారు?

మిర్యాలగూడ చుట్టుపక్కల రైసు మిల్లుల్లో తెల్లవారక ముందే లారీలకు లోడు ఎత్తడం మొదలవుతుంది. యాభై కిలోల బియ్యం బస్తా వీపున వేసుకుని, లారీకి ఆనించిన చెక్క పలక మీదుగా హమాలీ ఎక్కుతాడు, దిగుతాడు. మంచు కురిసిన రోజున ఆ పలక జారుతుంది. ఒక్క అడుగు తప్పితే చాలు, మనిషి కింద, బస్తా పైన.

అలా కాలు విరిగిన హమాలీ ఇల్లు ఈ ప్రాంతంలో ఏ వాడకు వెళ్ళినా ఒకటి కనిపిస్తుంది. ఆపరేషను ఆరోగ్యశ్రీ కింద జరిగితే ఆసుపత్రిలో రూపాయి కట్టనక్కరలేదు. ‘బతికి బట్ట కట్టాడు, అదే పదివేలు’ అని చుట్టాలు అంటారు. వారం తిరిగేసరికి ఇంటికి పంపిస్తారు. అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. కాలిలో రాడ్డు వేశాం, నాలుగు నెలలు బరువు ఎత్తరాదని డాక్టరు చెప్తాడు. ఆ నాలుగు నెలలూ పొయ్యి మాత్రం వెలగాలి, పిల్లల ఫీజు కట్టాలి, చిట్టీ వాయిదా ఆగదు.

అటువంటి ఒక ఇంట్లో ఇల్లాలు పెట్టె అడుగున ప్లాస్టిక్ కవరులో దాచిన పాలసీ బాండు తీసి ఏజెంటు ముందు పెట్టింది. అతనూ ఆ ఊరివాడే.

‘‘తమ్మీ, నెలనెలా వెయ్యి రూపాయలు కడుతున్నం. ఆరేండ్లయింది. ఇప్పుడు మీ అన్న మంచంల పడ్డడు. దీని మీద ఏమన్న వస్తదా?’’

‘‘రాదు వదినె. ఇది పాణానికి చేసిన బీమా. మనిషికి ఏమన్న అయితె వస్తయి. లేకుంటె ఇరువై ఏండ్లకు వస్తయి.’’

‘‘అంటె సచ్చిపోతెనే ఇస్తరా? బతికి మంచంల ఉంటె ఇయ్యరా?’’

ఏజెంటు దగ్గర జవాబు లేదు. అతను అబద్ధం చెప్పి అమ్మలేదు. బాండులో రాసింది రాసినట్టే ఉంది. ఆ రోజు అడగవలసిన ప్రశ్నను ఇంటివాళ్ళు ఆరేళ్ళు ఆలస్యంగా అడిగారు.

కష్టజీవి బీమా తీసుకునేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న ‘నేను పోతే ఎంత వస్తుంది’ అన్నది కాదు. ‘నేను పనిలోకి పోలేకపోతే వారానికి ఎంత వస్తుంది’ అన్నది. రెక్కాడితే గాని డొక్కాడని వాడికి రెక్కే ఆస్తి. ఇంటికి, బండికి, బర్రెకు బీమా చేయించేవాళ్ళు ఉన్నారు. ఆ మూడింటినీ నిలబెట్టే కూలికి మాత్రం బీమా చేయించినవాడు వెతికినా దొరకడం లేదు.

లెక్క వేసి చూస్తే

ఒక హమాలీకి రోజుకు రూ. 600 కూలి, నెలకు పాతిక రోజుల పని దొరుకుతుందని అనుకుందాం. నెలకు రూ. 15,000. నాలుగు నెలలు మంచాన ఉంటే పోయిన కూలి రూ. 60,000. ఆ డబ్బు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు వడ్డీయే రూ. 1,800. ఏడాది పాటు అసలు తీర్చలేకపోతే వడ్డీ రూ. 21,600 అవుతుంది. కాలు అతుక్కున్నాక పనిలోకి వెళ్ళినా నెలకు మూడు రోజుల కూలి వడ్డీకే పోతుంది. మెడలో పుస్తెల తాడు తాకట్టుకు పోవడం, పదో తరగతి చదివే పిల్లవాడు బడి మానేసి మిల్లుకు రావడం ఇలాంటి ఏడాదిలోనే జరుగుతాయి. ఆసుపత్రి బిల్లు లేని ఇల్లు కూడా అప్పులపాలు కావడానికి కారణం ఇదే.

ఉన్నాయనుకున్న బీమాలు

మాకు ఏ బీమా లేదని అనేవాళ్ళు ఇప్పుడు తక్కువ. ఏదో ఒకటి ఉందన్న ధీమా అందరికీ ఉంది. ఆ ఉన్నది ఎప్పుడు పలుకుతుందో మాత్రం చాలామందికి తెలియదు.

ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరు 9న రూ. 10 లక్షలకు పెంచింది. ఇది పేదవాడికి పెద్ద అండ. సందేహం లేదు. కాని అది ఆసుపత్రికి ఇచ్చే డబ్బు. ఇంటికి వచ్చే కూలి కాదు.

బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి రూ. 20 కోసుకునే ప్రధానమంత్రి సురక్షా బీమా 2015 మేలో వచ్చింది. మొదట ప్రీమియం రూ. 12 ఉండేది. 2022 జూన్ 1 నుంచి రూ. 20 చేశారు. ప్రమాదంలో మరణించినా, రెండు కళ్ళు గాని రెండు చేతులు గాని రెండు కాళ్ళు గాని శాశ్వతంగా పోయినా రూ. 2 లక్షలు, ఒక కన్ను లేదా ఒక చేయి లేదా ఒక కాలు పోతే రూ. 1 లక్ష ఇస్తారు. ఇరవై రూపాయలకు ఇంతకంటే మేలైన బీమా మరొకటి లేదు. 18 నుంచి 70 ఏళ్ళ లోపు ప్రతి ఒక్కరూ చేయించుకోవలసిందే. కాని కాలు విరిగి మళ్ళీ అతుక్కునే మనిషికి ఇందులో పైసా రాదు.

రూ. 436 కోసుకునే జీవన్ జ్యోతి బీమా ఏ కారణంతో మరణించినా రూ. 2 లక్షలు ఇస్తుంది. తెలంగాణలో 2018 ఆగస్టులో మొదలైన రైతు బీమా పట్టా ఉన్న రైతు చనిపోతే కుటుంబానికి రూ. 5 లక్షలు ఇస్తుంది. రెండూ మంచివే. రెండూ మనిషి పోయాకనే.

ఆటో డ్రైవర్లది మరొక భ్రమ. బండి కాగితాల్లో యజమాని-డ్రైవరు ప్రమాద బీమా రూ. 15 లక్షలు అని రాసి ఉంటుంది. అది మరణానికి, శాశ్వత అంగవైకల్యానికి మాత్రమే. భుజం ఎముక విరిగి మూడు నెలలు హ్యాండిల్ పట్టలేని డ్రైవరుకు ఆ పదిహేను లక్షల్లో పదిహేను రూపాయలు కూడా రావు. ఫైనాన్సు కంపెనీ మాత్రం మూడు నెలలు ఆగదు.

ఆసుపత్రిలో ఉన్న ప్రతి రోజుకు ఇంత చొప్పున ఇచ్చే పాలసీలు కూడా ఈ మధ్య అమ్ముతున్నారు. అందులో ‘ఆదాయ రక్షణ’ అన్న మాట వాడుతుంటారు. ఆసుపత్రిలో ఉన్నది ఆరు రోజులు, ఇంట్లో ఉన్నది నూట పది రోజులు అయితే, ఆ పాలసీ ఆరు రోజులకే ఇస్తుంది. ఇక ‘నెలనెలా ఆదాయం’ అని పేరు పెట్టుకున్న జీవిత బీమా పాలసీల్లో చాలావరకు ఆ నెలవారీ డబ్బు మనిషి పోయాక భార్యాబిడ్డలకు వచ్చేదో, లేక ఏళ్ళ తరబడి కట్టినది కొంత కొంతగా వెనక్కి ఇచ్చేదో అయి ఉంటుంది. పేరు చూసి కాదు, ఏ సందర్భంలో ఇస్తారో చదివి తీసుకోవాలి.

కూలికి కూలి ఇచ్చేది ఇ.ఎస్.ఐ.

పోయిన కూలికి బదులు కూలి ఇచ్చే బీమా మన దేశంలో లేక కాదు. డెబ్బై ఏళ్ళు దాటిన బీమా ఒకటి ఉంది. 1944లో అడార్కర్ ఇచ్చిన నివేదిక మీద 1948లో చట్టం చేసి, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో ఇ.ఎస్.ఐ. ప్రారంభించారు. పది మంది, అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీలు, సంస్థలకు ఇది వర్తిస్తుంది. 2017 జనవరి 1 నుంచి నెల జీతం పరిమితిని రూ. 21,000 చేశారు.

2019 జూలై 1 నుంచి కార్మికుడి వంతు జీతంలో నూటికి ముప్పావలా, అంటే 0.75. యజమాని వంతు 3.25. రూ. 15,000 జీతగాడు నెలకు కట్టేది రూ. 112.50. దీనికి వచ్చేది ఏమిటి? జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల వరకు కూలిలో నూటికి 70 చొప్పున. ఇందుకు ఆరు నెలల చందా కాలంలో 78 రోజులు చందా కట్టి ఉండాలి. క్షయ, క్యాన్సరు వంటి దీర్ఘ వ్యాధులకు నూటికి 80 చొప్పున, మరింత ఎక్కువ కాలం. పనిలో ప్రమాదం జరిగి తాత్కాలికంగా పని చేయలేకపోతే నూటికి 90 చొప్పున, తిరిగి పని చేయగలిగేదాకా. ప్రమాదానికి ఇన్ని రోజులు కట్టి ఉండాలన్న నిబంధన లేదు. పనిలో చేరిన మొదటి రోజున దెబ్బ తగిలినా వర్తిస్తుంది. పై లెక్కలోని హమాలీకి ఇ.ఎస్.ఐ. ఉండి ఉంటే రోజుకు దరిదాపు రూ. 540 వచ్చేది. పుస్తెలు తాకట్టుకు పోయేవి కావు.

ప్రయివేటు కంపెనీ ఏదీ ఈ ధరకు ఈ బీమా ఇవ్వలేదు. కాబట్టి జీతం మీద పనిచేసేవాడు పాలసీ కొనే ముందు, తనకు ఇ.ఎస్.ఐ. ఉందా లేదా అన్నది తేల్చుకోవాలి. జీతం నుంచి కోస్తున్నారంటే సరిపోదు. ఇన్సూరెన్సు నంబరు అడిగి తీసుకోవాలి. చందా జమ అవుతున్నదో లేదో చూసుకోవాలి. కుటుంబ సభ్యుల పేర్లు ఎక్కించుకోవాలి. పేరు నమోదు చేయించడం, ఇద్దరి వంతు కట్టడం యజమాని బాధ్యత. ‘నీకెందుకు, ఆ డబ్బు చేతికే ఇస్తాను’ అనే యజమాని మేలు చేస్తున్నట్టు కనిపిస్తాడు. నూట పన్నెండు రూపాయలు చేతికి ఇచ్చి, కాలు విరిగిన నాటి కూలిని లాక్కుంటున్నాడని గ్రహించాలి.

చిక్కు ఏమిటంటే, ఇ.ఎస్.ఐ. గొడుగు కిందికి రానివాళ్ళే ఈ ప్రాంతంలో ఎక్కువ. ఆఫీసులో కూర్చునే గుమస్తా, మిషను నడిపే ఆపరేటరు మిల్లు రిజిస్టరులో ఉంటారు. బస్తా మోసే హమాలీ ముఠా లెక్కలో ఉంటాడు. ‘వాళ్ళు మా మనుషులు కారు, ముఠా మనుషులు’ అనడం రివాజు. తాపీ మేస్త్రీ, ఆటో డ్రైవరు, గీత కార్మికుడు, మిషను కుట్టే ఆడమనిషి, వీళ్ళకు యజమాని అంటూ ఎవరూ లేరు. జీతం రూ. 21,000 దాటిన సిమెంటు ఫ్యాక్టరీ కార్మికుడు పరిమితి దాటాడని బయట పడతాడు. రూ. 22,000 జీతగాడు నాలుగు నెలలు ఇంట్లో కూర్చుని తినగల స్తోమత ఉన్నవాడా?

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సాంఘిక భద్రతా స్మృతి పాత ఇ.ఎస్.ఐ. చట్టాన్ని తనలో కలుపుకున్నది. ప్రమాదకరమని కేంద్రం ప్రకటించిన పనుల్లో ఒక్క మనిషి ఉన్నా ఇ.ఎస్.ఐ. వర్తింపజేసే వీలు అందులో ఉంది. పది మందికి తక్కువ ఉన్న సంస్థలు ఇష్టపూర్వకంగా చేరవచ్చు. కాగితం మీది ఈ వీలు మిల్లు గేటు దాకా రావాలంటే కార్మిక సంఘాలు అడగాలి, కార్మిక శాఖ కదలాలి.

ఇ.ఎస్.ఐ. లేనిచోట యజమాని నష్టపరిహారం ఇవ్వాలన్న చట్టం 1923 నుంచే ఉంది. ఇప్పుడు అదీ ఈ స్మృతిలోనే చేరింది. పనిలో దెబ్బ తగిలి తాత్కాలికంగా పని చేయలేని కార్మికుడికి నెల జీతంలో నాలుగో వంతు పదిహేను రోజులకు ఒకసారి చొప్పున, అంటే దాదాపు సగం జీతం, గరిష్ఠంగా ఐదేళ్ళ వరకు ఇవ్వాలి. జరుగుతున్నది ఏమిటి? పెద్దమనుషుల్లో కూర్చుని ఐదువేలో పదివేలో చేతిలో పెట్టి తెల్లకాగితం మీద సంతకం చేయించుకోవడం. దయగా ఇచ్చింది తీసుకుంటున్నానని కార్మికుడు అనుకుంటాడు. హక్కుగా రావలసింది వదులుకుంటున్నానని అతనికి తెలియదు.

కొనక తప్పనివాడు ఎలా ఎంచుకోవాలి?

యజమాని లేనివాడికి, ఇ.ఎస్.ఐ. అందనివాడికి మిగిలిన దారి వ్యక్తిగత ప్రమాద బీమా. జనరల్ ఇన్సూరెన్సు కంపెనీలు దీన్ని అమ్ముతాయి. అయితే ఇందులోనూ అన్నీ ఒకటి కావు.

బీమా నియంత్రణ సంస్థ ఆదేశం మీద 2021 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు ‘సరళ్ సురక్షా బీమా’ అనే ఒకే తరహా పాలసీ అమ్ముతున్నాయి. బీమా మొత్తం రూ. 2.5 లక్షల నుంచి మొదలవుతుంది. మూల పాలసీలో మరణం, శాశ్వత వైకల్యం మాత్రమే ఉంటాయి. తాత్కాలికంగా పూర్తిగా పని చేయలేకపోతే వారం వారం ఇచ్చే డబ్బు విడిగా కోరుకుంటేనే వస్తుంది. దానికి కొంత అదనపు ప్రీమియం ఉంటుంది. వారానికి బీమా మొత్తంలో 0.2 శాతం చొప్పున, గరిష్ఠంగా 100 వారాలు. రూ. 5 లక్షల పాలసీకి వారానికి రూ. 1,000, రూ. 10 లక్షల పాలసీకి వారానికి రూ. 2,000 అన్నమాట. పదహారు వారాలు మంచాన ఉన్న హమాలీకి రెండో పాలసీ ఉంటే రూ. 32,000 వస్తుంది. పోయిన కూలిలో సగానికి పైన. అప్పు సగానికి తగ్గుతుంది. వేరే పాలసీల్లో బీమా మొత్తంలో నూటికి ఒకటి చొప్పున వారానికి ఇచ్చేవీ ఉన్నాయి. కాని వారానికి ఇంతకు మించదని పరిమితి ఉంటుంది. ఆ పరిమితి అడిగి తెలుసుకోవాలి.

పాలసీ మీద సంతకం పెట్టే ముందు కార్మికుడు ఈ సంగతులు తేల్చుకోవాలి.

మొదటిది, తాత్కాలికంగా పని చేయలేకపోతే వారపు డబ్బు ఉందా? ఉంటే వారానికి ఎంత, ఎన్ని వారాలు, ఎన్ని రోజులు గడిచాక మొదలవుతుంది? ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పలేని ఏజెంటు దగ్గర ఎన్ని లక్షల పాలసీ అయినా కొనడం అనవసరం.

రెండవది, చేసే పని ఉన్నది ఉన్నట్టు రాయించాలి. కంపెనీలు పనులను ప్రమాదాన్ని బట్టి తరగతులుగా విడదీస్తాయి. ఆఫీసు పనికి తక్కువ ప్రీమియం, బరువు పనికి ఎక్కువ, పెద్ద కరెంటు తీగల మీద, గనుల్లో పనిచేసేవారికి ఇంకా ఎక్కువ. కొద్ది డబ్బు తగ్గుతుందని హమాలీని ‘వ్యాపారం’ అని రాయిస్తే క్లెయిము నాడు అదే అడ్డుపడుతుంది.

మూడవది, ఆదాయం రుజువు. వారపు డబ్బు ఇచ్చే పాలసీకి ఆదాయం ఎంతో చూపమని కంపెనీలు అడుగుతాయి. కూలివాడికి జీతం చిట్టీ ఉండదు. అందుకే కూలి డబ్బులో కొంతైనా బ్యాంకు ఖాతాలో పడేటట్టు చూసుకోవాలి. హమాలీ లైసెన్సు, సంఘం గుర్తింపు కార్డు, ఆటో పర్మిట్టు జాగ్రత్తగా ఉంచుకోవాలి.

నాల్గవది, ఏ సందర్భాల్లో ఇవ్వరో చదివించుకోవాలి. తాగి ఉండగా జరిగిన ప్రమాదానికి, లైసెన్సు లేకుండా బండి నడిపినప్పుడు జరిగిన ప్రమాదానికి క్లెయిము రాదు. పాలసీ ముఖ్య వివరాల పత్రాన్ని కోరితే తెలుగులో ఇవ్వాలన్న నియమం 2024 జనవరి 1 నుంచి ఉంది. అడగాలి. కాగితాలు అందిన 30 రోజుల్లో నచ్చకపోతే వాపసు ఇచ్చే హక్కు కూడా ఉంది.

ఐదవది, కాగితం. రోడ్డు ప్రమాదమైతే పోలీసుల ఎఫ్.ఐ.ఆర్. కావాలి. తాటిచెట్టు మీద నుంచి పడినా, పాము కరిచినా ఎఫ్.ఐ.ఆర్. అవసరం రాకపోవచ్చు గాని, వెంటనే ఆసుపత్రిలో చూపించినట్టు రికార్డు కావాలి. ఊళ్ళో కట్టు కట్టించుకుని పది రోజుల తరువాత ఆసుపత్రికి వెళ్ళే గీత కార్మికుడికి, బీమా ఉన్నా లేనట్టే. క్లెయిము కాగితాలు నెల లోపునే ఇచ్చెయ్యాలి.

ఆరవది, ఇరవై రూపాయల బీమా మే నెలాఖరులో కోత పడుతుంది. ఆ రోజు ఖాతా ఖాళీగా ఉంటే బీమా ఆగిపోయినట్టే. రెండు బ్యాంకుల్లో రెండు సార్లు కోసినా చెల్లేది ఒక్కటే. ఇంట్లో ఆడవాళ్ళకూ విడిగా చేయించాలి. నాట్లకు వెళ్ళే ఇల్లాలి కూలి ఆగినా ఇల్లు కుంటుతుంది.

ఈ ప్రమాద బీమాకు ఒక పెద్ద లోపం ఉంది. జబ్బు చేసి పని మానితే ఇది పలకదు. పచ్చకామెర్లు వచ్చి రెండు నెలలు పడుకున్నవాడికి, గుండె ఆపరేషను అయినవాడికి వారపు డబ్బు రాదు. కొన్ని పెద్ద జబ్బులకు ఒక్కసారిగా ఇంత మొత్తం ఇచ్చే పాలసీలు ఉన్నాయి గాని, జాబితాలో పేరున్న జబ్బులకే. జబ్బుకు కూలి ఇచ్చేది కార్మికుడికి అందుబాటులో ఇ.ఎస్.ఐ. ఒక్కటే. అందుకే దాని పరిధి పెంచమని అడగడం ఎవరి సొంత పాలసీ కంటే కూడా ముఖ్యం.

డబ్బు తిరిగి రాదు గదా!

ఎవరికి చెప్పినా మొదట వచ్చే అభ్యంతరం ఇదే. ఏమీ కాకపోతే కట్టిన డబ్బు పోయినట్టే గదా అని. అందుకే ‘కట్టింది తిరిగి వచ్చే’ పాలసీ వైపే మొగ్గు చూపుతారు. నెలకు వెయ్యి చొప్పున కట్టేది ఎక్కువ భాగం పొదుపు. అందులో రక్షణకు పోయేది కొద్ది. పొదుపు కావాలంటే పోస్టాఫీసు ఉంది, బ్యాంకు ఉంది, మహిళా సంఘం ఉంది. వడ్ల కుప్పకు రాత్రి కాపలా పెట్టిన రైతు, దొంగ రాలేదు కాబట్టి కాపలావాడి కూలి వెనక్కి ఇమ్మని అడగడు. బీమా కూడా కాపలా కూలి వంటిదే. ఏడాది చివర కాలూ చెయ్యీ క్షేమంగా ఉంటే అంతకంటే కావలసింది ఏముంది?

క్లెయిములు ఎగ్గొడతారన్నది రెండో అభ్యంతరం. ఇందులో నిజం లేకపోలేదు. కొర్రీలు పెట్టి తిప్పే కంపెనీలు ఉన్నాయి. కాని కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. వకీలు అక్కరలేదు, రుసుము లేదు. రూ. 50 లక్షల వరకు తగవులు అక్కడ తీరుస్తారు. ఏడాది లోపు వెళ్ళాలి.

ఒంటరిగా కాదు, సంఘంగా

ఒక్కొక్క హమాలీ వెళ్ళి ఆదాయం రుజువు చేసుకుని, తెలియని భాషలో ఉన్న నిబంధనలు చదివించుకుని పాలసీ కొనడం చెప్పినంత సులువు కాదు. హమాలీలకు సంఘాలు ఉన్నాయి. ఆటో స్టాండుకు ఒక యూనియను ఉంది. గీత కార్మికులకు సొసైటీలు ఉన్నాయి. యాభై మందో వంద మందో కలిసి గ్రూపు ప్రమాద బీమా తీసుకుంటే ప్రీమియం తగ్గుతుంది. సంఘం ఇచ్చే జాబితాయే ఆధారం అవుతుంది. వారపు డబ్బు ఉండాలని కంపెనీతో మాట్లాడే బలం వస్తుంది. ఏటా మే డే నాడు జెండాలకు, భోజనాలకు చేసే ఖర్చులో కొంత దీనికి పక్కన పెడితే తప్పు లేదు. అయితే ఈ గ్రూపు పాలసీలోనూ మరణం, వైకల్యం మాత్రమే పెట్టి చేతులు దులుపుకుంటే మళ్ళీ మొదటికే వస్తుంది. వారపు డబ్బు లేని పాలసీ మీద సంఘం నాయకులు సంతకం పెట్టరాదు.

మిల్లు యజమానులు కూడా ఆలోచించాలి. మిల్లు కట్టడానికి, మిషన్లకు, నిల్వ బియ్యానికి అగ్ని ప్రమాద బీమా ఏటా తప్పకుండా కడుతున్నారు. ఆ బియ్యాన్ని లారీ ఎక్కించే వీపుకు కూడా సగం ప్రీమియం కడితే మిల్లు మునిగిపోదు. ముఠా మనుషులు మా మనుషులు కారన్న వాదన లోడు ఎత్తే వేళ గుర్తుకు రాదు, కాలు విరిగిన వేళే గుర్తుకు వస్తుంది.

ఇక ప్రభుత్వం. రోగి కోలుకునే రోజుల్లో ఇంటికి ఇంత ఇవ్వాలన్న ఆలోచన కొత్తది కాదు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోగ్యశ్రీ రోగులకు విశ్రాంతి కాలంలో రోజుకు రూ. 225, నెలకు గరిష్ఠంగా రూ. 5,000 చొప్పున ఇచ్చే పథకం ప్రారంభించింది. ఆసుపత్రి ఖర్చు తీరితే కష్టం తీరదన్న సంగతి ఒక ప్రభుత్వం ఒప్పుకున్నట్టే. తెలంగాణలోనూ ఆరోగ్యశ్రీకి అటువంటి తోడు కావాలి. పది మంది దాటిన ప్రతి మిల్లులో హమాలీలతో సహా ఎంతమందికి ఇ.ఎస్.ఐ. నంబరు ఉందో కార్మిక శాఖ, ఇ.ఎస్.ఐ. అధికారులు కలిసి లెక్క తీసి గేటు దగ్గర బోర్డు మీద పెట్టించాలి. బ్యాంకుల వాళ్ళు మే నెలలో గ్రామాలకు వచ్చి, ఎవరి ఖాతాలో ఇరవై రూపాయలు లేవో చెప్పి పోవాలి. ఇవి కోట్ల ఖర్చుతో అయ్యే పనులు కావు.

ఈ సీజనులో మళ్ళీ లారీలు బారులు తీరుతాయి. తెల్లవారుజామున చెక్క పలకలు మళ్ళీ మంచుకు తడుస్తాయి. ఎవరో ఒకరి కాలు జారుతుంది. దాన్ని ఆపగలమో లేమో గాని, ఆ ఇల్లాలు పెట్టె తెరిచి బాండు తీసి ‘తమ్మీ, ఏమన్న వస్తదా?’ అని అడిగిననాడు ‘వస్తది వదినె, వచ్చే వారం నుంచి’ అని జవాబు వచ్చేటట్టు చేయడం మాత్రం చేతిలో ఉన్న పనే. ఆ ప్రశ్న కాలు విరిగాక కాదు, సంతకం పెట్టే ముందు అడగాలి.